తమ్ముడింటి ముందు పురికొస

ఫిబ్రవరి 2, ఆదివారం

గెలిచాం. మూలింటి కాంట్రాక్టరు తన మూడో అంతస్తుకు ఈ రోజుతో నీళ్ళు వదులుకున్నాడు.

మీటింగు ఇట్టే తేలిపోయింది. సంఘం సెక్రటరీ లాయరమ్మ ప్లాను చదివి, "ఎవరింటికైనా అభ్యంతరమా?" అని అడిగిందో లేదో చేతులు లేచాయి. నాది అందరికంటే ముందు. ప్రెసిడెంటును కదా. కాంట్రాక్టరు నా వైపు కొరకొరా చూశాడు. చూడనీ. రెండు వారాలుగా ఆయన ఇంటి మీద కర్రలకు కట్టిన పురికొస నీలిపూల చెట్ల తలల కంటే ఎత్తున వేలాడుతుంటే, కళ్ళున్నవాళ్ళెవరైనా చెయ్యెత్తుతారు.

ఆ పురికొస ఆలోచన నాది. సర్వే ఆఫీసులో ఉద్యోగమంతా గొలుసులు లాగి, గట్లు కొలిచి రిటైరయినదాన్ని. కాగితం మీద గీతలు చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదని నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే ఈ కాలనీలో ఎవరు ఏది కట్టాలన్నా ముందు మూలమూలకూ కర్రలు పాతి, కట్టబోయేంత ఎత్తున పురికొస చుట్టి రెండు వారాలు ఉంచాలి. అందరూ వస్తూ పోతూ చూస్తారు. తర్వాత మీటింగులో ఒక్క ఇల్లు కాదన్నా కాదు. సంఘం ఒప్పుకోకపోతే మున్సిపాలిటీ ఆ ప్లాను ముట్టుకోదు. పక్క కాలనీ ఏమైందో చూస్తూనే ఉన్నాం. అక్కడ చెట్టు అంటే ఇప్పుడు బాల్కనీలో కుండీ. మనకింకా కళ ఉంది. రెండే అంతస్తుల ఇళ్ళు, నడుమెత్తు ప్రహరీలు, ప్రతి ఇంటి ముందూ ఒక చెట్టు. ఈ కళ దానంతటది నిలబడలేదు. నేను నిలబెట్టాను.

తిరిగొస్తూ మావారు, "పాపం, మనిషి ముఖం మాడిపోయింది" అన్నారు. చెట్లకు చేతులుంటే నాకు దణ్ణం పెట్టేవి అన్నాను. "కాళ్ళుంటే నీ మీటింగులు తప్పించుకుని పారిపోయేవి" అన్నారు.

సాయంత్రం తమ్ముడి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. మాకు మూడిళ్ళ అవతలే వాడి ఇల్లు. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ మేడ మీద గదిలోనే ఉంటున్నాడు. కాంట్రాక్టరు ఎలా చూశాడో నటించి చూపిస్తే నవ్వాడు. నవ్వు ఇప్పుడు మూతికి ఒక పక్కనే వస్తోంది. రెండో పక్క కూడా వస్తుంది. వేసవికల్లా మేడ దిగి తన కళ్ళద్దాల షాపుకి వెళ్తాడు. వచ్చినవాళ్ళ ముక్కు మీద కళ్ళజోడు పెట్టి ఎప్పటిలా, "ఇప్పుడు నేను అందంగా కనిపిస్తున్నానా?" అని అడుగుతాడు. ఆస్పత్రిలో ఆ డాక్టరు కుర్రాడు నన్నూ మరదల్నీ పక్కకు పిలిచి ఏదో అన్నాడు. అతనికింకా మీసాలే సరిగ్గా రాలేదు.

ఫిబ్రవరి 5

తమ్ముడు కుడిచేత్తో చెంచా పట్టుకున్నాడు. కాస్త ఒలికింది. పట్టుకున్నాడు కదా! నేను చెప్పలేదూ.

ఫిబ్రవరి 8, శనివారం

పొద్దున్నే నడకకు బయల్దేరితే తమ్ముడింటి ముందు కర్రలు!

ముందు నా కళ్ళు నేనే నమ్మలేదు. మరదలు స్టూలెక్కి పురికొస ముడివేస్తోంది. నైటీ మీద పాత స్వెట్టరు, చేతులకు మట్టి.

"ఏమిటే ఇది?"

"గది, వదినా."

"ఎవరికి?"

"మీ తమ్ముడికి."

"మరి చెట్టు?"

"తీసెయ్యాలి. ఇంకెక్కడా చోటు లేదు."

"హాల్లో మంచం వెయ్యచ్చుగా."

"బాత్రూమ్ మేడ మీద కదా. కింద ఉన్నది హాలూ వంటిల్లే. ఆయన్ని హాల్లో పడుకోబెట్టి, వచ్చేపోయేవాళ్ళ ముందు..." కొస నోట్లో పెట్టుకుని పంటితో తెంపింది.

"మెట్లకు కుర్చీలాంటిదేదో బిగిస్తారట?"

"వాళ్ళొచ్చి చూసి వెళ్ళారు. మన మెట్ల మెలికలకి అది పట్టదన్నారు."

"వెనకవైపు?"

"వెనక గోడకి ఆనుకునే పక్కవాళ్ళ గోడ. మీకు తెలియందేముంది వదినా, కొలిచింది మీరేగా."

"నాకొక్క ముక్క చెప్పాలనిపించలేదా నీకు?"

"చెప్తే ఏమంటారో తెలుసు. అందుకే చెప్పకుండా రూలు ప్రకారం కట్టేశాను." స్టూలు దిగి, తలెత్తి తన పని తానే చూసుకుంది. "ఎత్తు సరిగ్గానే పెట్టాను కదా?"

సరిగ్గానే పెట్టింది. అది వేరే సంగతి.

నాకు కోపం వచ్చిన మాట నిజం. వీధి మొత్తంలో పెద్ద చెట్టు అది. మలుపు తిరగగానే ముందు కనిపించేది అదే. పైగా ఆ గది అనవసరం. వేసవికి కిందికి దిగే మనిషికి కింద గది ఎందుకు? అది కట్టేసరికే వేసవి వెళ్ళిపోతుంది. మరదలు మంచిదే, కానీ దానికి ఓపిక తక్కువ. షాపు నడపాలి, ఇల్లు చూసుకోవాలి, అలసిపోయింది. అలిసిన మనిషి ఆలోచన ఇలాగే ఉంటుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

నిర్ణయించుకున్నాను. నా తమ్ముడి ఇల్లు కాబట్టి ఈ విషయంలో నేను నోరు మెదపను. చెయ్యెత్తను. ప్రెసిడెంటు అంటే అలా ఉండాలి. నేను చెయ్యెత్తకపోతే ఏం, మిగతావాళ్ళకు చేతుల్లేవా? కాంట్రాక్టరు ఒక్కడు చాలు. నా మీద కసితోనైనా కాదంటాడు. చెట్టుకొచ్చిన ప్రమాదమేమీ లేదు.

ఫిబ్రవరి 12

మావారు తమ్ముడింటి దాకా నడిచి వెళ్ళి చూసొచ్చి, "గది పెద్దదేం కాదే" అన్నారు. ఆయన కొలతల మీద నాకు నమ్మకం లేదు. సొంత ప్యాంటు నడుము కొలతే ఆయనకు తెలియదు.

ఫిబ్రవరి 15

ఈ రోజు నుంచి తమ్ముడి వ్యాయామం నా చేతుల్లోకి తీసుకున్నాను. ఫిజియో అమ్మాయి వస్తుంది, మెల్లగా చెయ్యి పట్టుకుంటుంది, బొమ్మతో ఆడినట్టు వేళ్ళు వంచుతుంది, వెళ్ళిపోతుంది. అలా అయితే ఎప్పటికి అయ్యేను?

వాడి చంక కింద నా భుజం పెట్టి మెట్ల దాకా నడిపించాను. చిన్నప్పుడు సైకిల్ నేర్పింది నేనే. అప్పుడూ ఇంతే, వెనక నేను పట్టుకున్నానని నమ్మితే చాలు, తొక్కేసేవాడు. ఈ రోజు పై మెట్టు మీద కాలు పెట్టాడు. పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఒళ్ళంతా చెమట. "భలే! రేపు రెండు" అన్నాను. తల ఊపాడు.

ఫిజియో అమ్మాయి అప్పుడే వచ్చింది. "మేడమ్, మెట్లు వద్దు. పడితే చాలా కష్టం" అంది.

"నేను పడనివ్వను."

"అది కాదు మేడమ్. ఆ కాలుకి..."

"నువ్వు చేతులు చూసుకో అమ్మా. కాళ్ళు నేను చూసుకుంటాను" అన్నాను.

ఫిబ్రవరి 18

నడక నుంచి వస్తూ ఆ పురికొస లోపలికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. మంచం పడుతుంది. కుర్చీ పడుతుంది. కిటికీ తూర్పుకి పెట్టుకోవచ్చు. అయినా అనవసరం.

ఫిబ్రవరి 23, ఆదివారం

నిజాయితీ అంటే ఏమిటో ఈ రోజు కాలనీ అంతా చూసింది.

లాయరమ్మ మరదలి ప్లాను చదివింది. "ఎవరింటికైనా అభ్యంతరమా?" అంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క చెయ్యి లేవలేదు! కాంట్రాక్టరు వైపు చూశాను. ఆయన తాపీగా గోళ్ళు చూసుకుంటున్నాడు. ట్రెజరర్ పళ్ళ డాక్టరు వైపు చూశాను. ఆయనైతే నాకేదో మేలు చేస్తున్నట్టు చిరునవ్వు నవ్వుతున్నాడు.

"చెట్టు పోతుందండీ" అన్నాను, ఎవరికైనా గుర్తొస్తుందేమోనని.

"పోతే పోయింది లెండి. మీ తమ్ముడు కదా" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఆ ఒక్క మాటతో నాకు ఒళ్ళు మండింది. మీ తమ్ముడు కదా! అంటే ప్రెసిడెంటు తమ్ముడికొక న్యాయం, మిగతావాళ్ళకొకటా? రేపు ఈ కాలనీలో ఎవరి ముఖం చూసి కాదనగలను? లాయరమ్మ పెన్ను తీసి సంతకం పెట్టబోతోంది. చెయ్యెత్తాను.

"మా ఇల్లు కాదంటోంది" అన్నాను.

మావారు పక్కనుంచి నా చీర కొంగు లాగారు. నేను చెయ్యి దించలేదు. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా కొట్టింది కాంట్రాక్టరు. "మీకు నా మీద పగ అనుకున్నానండీ. కాదు, మీరు అందరికీ ఇంతే" అన్నాడు. అది పొగడ్తే.

మరదలు బ్యాగు భుజానికి తగిలించుకుంది. నా ముందు నుంచి వెళ్తూ, "సరే వదినా" అంది. అంతే. ఏడవలేదు, అరవలేదు. లోపల దానికీ తెలుసు, నేను చెప్పింది న్యాయమని.

మావారు రాత్రి భోజనం దగ్గర పెరుగు అడగడానికి తప్ప నోరు విప్పలేదు.

ఫిబ్రవరి 26

మరదలు కర్రలు ఇంకా తియ్యలేదు. తియ్యమని చెప్పాలి.

మార్చి 2

కర్రలు అలాగే ఉన్నాయి. కాదన్న ప్లానుకు కర్రలు ఉండకూడదు. కానీ దాన్ని ఇప్పుడు కదపడం ఎందుకు. నేను వెళ్తే తలుపు తీస్తుంది, కాఫీ ఇస్తుంది, షాపుకి వెళ్ళిపోతుంది. ఇదివరకు మెట్ల దాకా వచ్చి, "చూసి తీసుకెళ్ళండి వదినా" అనేది. ఇప్పుడు అదీ లేదు. అలిగితే అలగనీ. తమ్ముడు తన కాళ్ళ మీద దిగొచ్చిన రోజున అదే వచ్చి నా చేతులు పట్టుకుంటుంది.

మార్చి 5

సగం మెట్లు! మెలిక దాకా! గోడకి ఆనుకుని ఆయాసపడ్డాడు, కానీ దిగాడు. "అక్కా... చాలు" అన్నాడు. చాలంటే చాలని ఆపాను. నేనేం రాక్షసిని కాను.

శనివారం పూర్తిగా దింపుతాను. మరదలు షాపులో ఉంటుంది. తిరిగొచ్చేసరికి చెట్టు కింద మొగుడు కూర్చుని ఉంటే దాని ముఖం చూడాలి.

మార్చి 8, శనివారం

దిగాడు. మొత్తం దిగాడు. చెట్టు కింద కూర్చున్నాడు. అందరూ వచ్చి చూశారు.

తర్వాత కొంచెం ఇబ్బంది అయింది. రాయదగ్గదేమీ కాదు.

మార్చి 9, ఆదివారం

మీటింగు లేదు. తలనొప్పి.

మార్చి 10

రాయదగ్గది కాదన్నాను. రెండు రోజులుగా అదే కళ్ళ ముందు తిరుగుతోంది కాబట్టి రాసి వదిలించుకుంటాను.

నేనొకవైపు, మావారొకవైపు పట్టుకుని దింపాం. మావారు వద్దంటూనే పట్టుకున్నారు. తెచ్చి చెట్టు కింద, ఆ పురికొస మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పళ్ళ డాక్టరు వచ్చాడు, లాయరమ్మ వచ్చింది, అటుగా పోతున్నవాళ్ళంతా గేటు దగ్గర ఆగారు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఏం మాట్లాడానో అంతా గుర్తుంది. మనిషి పట్టుదల గురించి, డాక్టర్లకు తెలియని విషయాల గురించి.

"అక్కా, పైకి" అన్నాడు తమ్ముడు.

"ఉండరా, ఇప్పుడేగా వచ్చావ్" అన్నాను.

కాసేపటికి మళ్ళీ, "అక్కా... పైకి వెళ్దాం."

"ఇంకాసేపు. ఎండ మంచిది."

మూడోసారి నా కొంగు పట్టుకున్నాడు. నేను పళ్ళ డాక్టరుతో మాట్లాడుతూ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాను. లాయరమ్మ ఎందుకో చటుక్కున తల పక్కకు తిప్పుకుంది. అప్పుడు చూశాను. వాడి ప్యాంటు తడిసిపోయింది. కుర్చీ కింద మట్టి తడిసిపోయింది. వీధిలో సగం మంది గేటు దగ్గరే ఉన్నారు.

వాడు తలొంచుకున్నాడు. షాపులో ఎంతమందినో నవ్వించిన మనిషి.

పైకి ఎక్కించాలంటే వాడి కాళ్ళలో సత్తువ లేదు. మా ఇద్దరి వల్లా కాలేదు. కాంట్రాక్టరు గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ఎవరినీ అడగలేదు, ఎవరితో మాట్లాడలేదు. తన చొక్కా విప్పి తమ్ముడి ఒళ్ళో కప్పాడు. కుర్చీ వెనక కాళ్ళు తను పట్టుకుని, ముందు మావారినీ పళ్ళ డాక్టరునీ పట్టుకోమన్నాడు. మెలిక దగ్గర కుర్చీ తిరగలేదు. తమ్ముణ్ణి చేతుల మీదికి ఎత్తుకుని పైకి తీసుకెళ్ళాడు, బనీను మీదే.

నేను కింద నిలబడి ఉన్నాను. పైకి వెళ్ళలేకపోయాను.

మరదలు షాపు నుంచి వచ్చింది. ఎవరు చెప్పారో చెప్పారు. నన్ను చూసింది. "వదినా, మీరు ఇంటికెళ్ళండి" అంది. మెల్లగానే అంది. అది నన్ను ఇంట్లోంచి వెళ్ళమనడం ఇదే మొదటిసారి.

మార్చి 11

వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను.

మరదలు తలుపు తీసి పక్కకు జరిగింది. తమ్ముడు మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర కూర్చున్నాను. దుప్పటి అంచు సర్దాను. అప్పటికే సర్దే ఉంది.

"రేపటి నుంచి మెల్లగా చేద్దాంలే. మెలిక దాకా చాలు" అన్నాను.

"అక్కా." వాడికి మాట కూడదీసుకోవడానికి సమయం పడుతుంది. నాకు తొందరెక్కువ, ఎప్పుడూ మధ్యలోనే అందుకుని పూర్తి చేస్తాను. ఈసారి ఆగాను. "నీ కోసం... దిగాను."

"నా కోసమేమిట్రా? నీ కోసం!"

"నువ్వు... సంతోషపడతావని."

"నీకు దిగాలని లేదూ?"

"ఉంది." కిటికీ వైపు చూశాడు. "కిందే... ఉండాలని ఉంది. ఎక్కడం, దిగడం... నా వల్ల కాదు. డాక్టరు... చెప్పాడు కదా. నువ్వూ... విన్నావుగా."

"ఆ కుర్రాడి మొహం, వాడికేం తెలుసు!"

తమ్ముడు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. కోపం అయినా బాగుండేది. నా మీద జాలిపడ్డాడు.

ఇంటికి వచ్చి వంటింట్లో కూర్చున్నాను. మావారు వచ్చి ఎదురుగా కూర్చుని, వెల్లుల్లి రెబ్బలు ముందు వేసుకుని ఒలవడం మొదలుపెట్టారు. ఆయన జన్మలో వెల్లుల్లి ఒలవలేదు. "అది గది కాదే నీకు. ఆ గది కడితే, వాడు ఇంక బాగుపడడని నువ్వు ఒప్పుకున్నట్టు. అంతేగా?" అన్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన కొలత సరిగ్గా రావడం ఇదే మొదలు. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

మార్చి 12

అభ్యంతరం వెనక్కి తీసుకుంటానని లాయరమ్మకు ఫోన్ చేశాను. అనుకుంటే అయిపోయే పనే కదా అనుకున్నాను.

"అలా కుదరదండీ. రూలుంది" అంది.

"ఏం రూలు?"

"మీరు రాసిందే. అభ్యంతరం చెప్పిన ఇల్లు మనసు మార్చుకుంటే, ఆ ఇంటివాళ్ళు కాలనీలో ప్రతి గడపకూ స్వయంగా వెళ్ళి, ఎందుకు మార్చుకున్నారో తమ నోటితో చెప్పాలి. సెక్రటరీ సాక్షిగా వెంట ఉండాలి. ఆ కారణం విని ప్రతి ఇల్లూ అభ్యంతరం లేదనాలి."

నిజమే. రాసింది నేనే. ఎవరో లోపాయికారీగా నచ్చజెప్పి అభ్యంతరాలు మాన్పించుకుంటున్నారని, సిగ్గుపడేలా ఉండాలని రాశాను. ఇంతవరకు ఒక్కరూ వాడుకోలేదు. అంత బాగా రాశానన్నమాట.

"ఆదివారం పొద్దున్నే వెళ్దాం" అన్నాను. నాకేం భయం? ఈ కాలనీలో నేను ఎక్కని గడప లేదు.

మార్చి 16, ఆదివారం

మొదట పళ్ళ డాక్టరు ఇంటికి వెళ్ళాం. "మా తమ్ముడికి కింద గది ఉంటే సౌకర్యంగా ఉంటుందని" అన్నాను. ఆయన సంతోషంగా తల ఊపబోతుంటే లాయరమ్మ అడ్డుపడింది.

"అది కారణం కాదు మేడమ్. సౌకర్యమే కారణమైతే కాంట్రాక్టరుగారి మూడో అంతస్తూ సౌకర్యమే."

రెండో ఇంట్లో, "కోలుకోవడానికి ఇంకొంత సమయం పట్టేలా ఉంది" అన్నాను. లాయరమ్మ తల అడ్డంగా ఊపింది. మూడో ఇంట్లో ఆవిడ కాఫీ ఇచ్చి, తన వంటింటి గోడ జరుపుకుంటానంటే నేనెలా కాదన్నానో మొదటి నుంచి చివరిదాకా గుర్తుచేసింది. విన్నాను. తర్వాత, "ఇంట్లో పరిస్థితుల వల్ల" అన్నాను. బయటికి వచ్చాక లాయరమ్మ చెట్టు నీడన ఆగింది.

"ఇలా అయితే ఎన్ని ఇళ్ళు తిరిగినా లెక్కకు రాదు. మీరు రాసిన రూలు మీకే రాకపోతే ఎలా? చెప్పలేకపోతే మానేద్దాం, ఇంటికెళ్దాం పదండి" అంది. కోర్టులో ఈవిడ ఎదుట నిలబడేవాళ్ళ గతి ఏమిటో అప్పుడర్థమైంది.

నేను ఇంటి వైపు తిరగలేదు. నేరుగా మూలింటికి నడిచాను. చెప్పాల్సి వస్తే ముందు అక్కడే చెప్పాలి.

కాంట్రాక్టరు గేటు దగ్గరే గొట్టంతో చెట్టుకు నీళ్ళు పోస్తున్నాడు. నీళ్ళు ఆపలేదు. "చెప్పండి మేడమ్" అన్నాడు.

గొంతు సవరించుకున్నాను. చెట్టు మొదట్లో పారుతున్న నీళ్ళు చూస్తూ చెప్పాను. "మా తమ్ముడు ఇంక మేడ ఎక్కలేడు, దిగలేడు. వాడి కాలు ఇంక రాదు. డాక్టరు అప్పుడే చెప్పాడు. అందరూ విన్నారు. నేను వినలేదు."

ఆయన వంగి కుళాయి కట్టేశాడు. "తెలుసండీ. ఆ రోజు ఎత్తుకున్నప్పుడే తెలిసింది. మా ఇంటికి అభ్యంతరం లేదు."

"మీ మూడో అంతస్తు సంగతి అడగరా?"

"అడిగితే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను."

"మరింకెందుకండీ అడగడం" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. గొట్టం తీసి చేతికిచ్చాడు, ముఖం కడుక్కోమని.

తర్వాత ప్రతి గడపలోనూ అదే మాట అన్నాను. పళ్ళ డాక్టరు ఇంటికి మళ్ళీ వెళ్ళాను, రెండో ఇంటికి మళ్ళీ, మూడో ఇంటికి మళ్ళీ. అంటుంటే సులువవుతుందనుకున్నాను. కాలేదు. కానీ అనగలిగాను. ఎవరూ కాదనలేదు. వంటింటి ఆవిడ నన్ను కావలించుకుంది, ఇదివరకు వీధిలో ఎదురుపడితే దుకాణంలోకి దూరిపోయేది.

అన్ని ఇళ్ళూ అయ్యాయనుకుంటే, లాయరమ్మ తమ్ముడింటి ముందు ఆగింది. "ఇదొకటుంది" అంది.

"అదేమిటి? గది వాళ్ళదేగా!"

"ప్రతి గడపా అని రాశారు. ఇదీ గడపే కదండీ."

మరదలు తలుపు తీసింది. మా ఇద్దరి ముఖాలూ చూసి ఏమీ అడగకుండా వెనకాలే మేడెక్కింది. తమ్ముడు మెలకువగానే ఉన్నాడు. లాయరమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది. నేను మంచం పక్కన నిలబడ్డాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"ఒరేయ్. అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. కారణం చెప్పాలిట."

వాడు నా వైపు చూస్తున్నాడు.

"నువ్వు ఇంక మెట్లు ఎక్కలేవురా. నడవలేవు. నువ్వు మళ్ళీ మునుపటిలా కావు." ఊరంతటికీ చెప్పిన మాటే. వాడికి చెప్పేసరికి ముక్కలుముక్కలుగా వచ్చింది. "నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. నువ్వు అలా అయిపోవడం నాకు ఇష్టం లేదు, అంతే."

మరదలు నా వెనక నిలబడి ఏడుస్తోంది. ఇన్ని నెలల్లో అది ఏడవగా వినడం ఇదే మొదటిసారి. తమ్ముడు ఎడమ చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. మాట కూడదీసుకున్నాడు. నేను అందుకోలేదు, ఎంతసేపైనా ఆగుదామని ఆగాను.

"మా ఇంటికి..." అన్నాడు. నవ్వు మూతికి ఒక పక్కకు వచ్చింది. "మా ఇంటికి... అభ్యంతరం... లేదక్కా."

మార్చి 17

పొద్దున్నే గొలుసు పట్టుకుని వెళ్ళి కొలిచాను. మరదలు గది మరీ చిన్నగా పెట్టింది. మంచం పడుతుంది, కుర్చీ పడుతుంది, కానీ మంచానికి రెండు పక్కలా మనిషి నిలబడాలి. వాణ్ణి లేపాలంటే ఇద్దరు కావాలి, ఇక ఎప్పుడూ ఇద్దరు కావాలి. కర్రలు పీకి మూరెడు బయటికి పాతాను. మరదలు పురికొస అందించింది. ఎవరు కాదంటారో చూస్తాను.